దసరా సెలవుల్లో వైజాగ్: సముద్రం, ఎండ, కోతి గీరు

వైజాగ్ వెళ్తున్నాం అని చెప్తే చాలు, ఎక్కడ తినాలి, ఎక్కడ ఫొటోలు దిగాలి, అరకు ట్రైన్‌లో ఏ వైపు కూర్చోవాలి అని అందరూ చెప్తారు, సముద్రంలో ఎక్కడ దిగకూడదు అని మాత్రం ఎవరూ చెప్పరు. నేను ఖమ్మంలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నా. మా వైపు నుంచి ప్రతి సెలవులకీ బస్సులు కట్టుకుని, ట్రైన్లలో గుంపులుగా వైజాగ్ పోతారు, చెరువులూ కాలవలూ చూసి పెరిగినవాళ్ళం కాబట్టి సముద్రాన్ని కూడా పెద్ద చెరువు అనుకునే దిగుతారు. ఆ ఒక్కటి పోవాలనే ఇదంతా రాస్తున్నా, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

వెళ్ళింది మా ఆయన, నేను, మూడో తరగతి చదివే మా చిన్నోడు, ఇంటర్ సెకండియర్‌లో ఉన్న మా ఆడపడుచు కొడుకు, ఇంకా మా అత్తమ్మ. అత్తమ్మకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, ఇన్సులిన్ మీద ఉంటారు. ఎంవీపీ కాలనీలో మా పెద్దమ్మ కూతురు, అంటే మా అక్క, బావ ఉంటారు, వాళ్ళింట్లోనే దిగాం.

సామాన్లలో నేను పట్టుబట్టి పెట్టినవి థర్మామీటరు, పారాసెటమాల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, దోమల క్రీము, ఒక సబ్బు, అత్తమ్మకి మెత్తటి కాటన్ సాక్సులు, ఇన్సులిన్‌కి చిన్న ఫ్లాస్కు. ఇన్సులిన్ ఐస్‌కి తగలకూడదు, గడ్డకడితే పనికిరాదు, అలాగని ఎండలో ఆపిన కారులో వదిలినా పాడైపోతుంది, అందుకే తడిగుడ్డలో చుట్టి ఫ్లాస్కులో పెట్టి హ్యాండ్‌బ్యాగులోనే తిప్పాను.

శుక్రవారం

గోదావరి ఎక్స్‌ప్రెస్ తెల్లారేసరికి దించేసింది. స్టేషన్ బయటికి రాగానే మా చిన్నోడు "అమ్మా చొక్కా అంతా తడిసిపోయింది" అన్నాడు, ఇంకా ఎండే రాలేదు అప్పటికి. మా ఖమ్మం, కొత్తగూడెం ఎండలు తెలిసినవాళ్ళకి వైజాగ్ ఎండ ఒక లెక్కా అనిపిస్తుంది, ఫోన్‌లో చూస్తే 32 డిగ్రీలే ఉంటుంది మరి. కానీ మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టగానే ఆరిపోయి ఒళ్ళు చల్లబడుతుంది, ఇక్కడ సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు, ధారగా కారిపోతుంది తప్ప ఒంట్లో వేడి దిగదు. నీళ్ళూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం అలాగే ఉంటుంది. పెద్దవాళ్ళు, ముఖ్యంగా బీపీకి నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర) వేసుకునేవాళ్ళు ఇక్కడ తొందరగా నీరసపడతారు, లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. తలనొప్పి, వికారం, కాళ్ళు పట్టేయడం వరకైతే నీడకి తీసుకెళ్ళి తడిగుడ్డతో తుడిచి కొంచెం కొంచెంగా తాగించాలి. మనిషి తికమకగా మాట్లాడుతూ ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ, అప్పుడు నోట్లో ఏమీ పొయ్యకుండా ఒంటి నిండా నీళ్ళు పోసి, విసురుతూ, 108కి ఫోన్ చేయాలి.

ఓఆర్ఎస్ గురించి ఒక మాట చెప్పాలి. అక్క వాళ్ళ వీధి చివర షాపులో అడిగితే మొదట రంగు డబ్బా ఒకటి తీసి ఇచ్చారు. అవి ఓఆర్ఎస్ కాదు, చక్కెర నీళ్ళు. విరేచనాలు అవుతున్న పిల్లలకి ఇస్తే ఇంకా ఎక్కువవుతాయి. ఇలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అన్న పేరే ఉండకూడదని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆర్డర్ ఇచ్చింది, హైదరాబాద్‌లో పిల్లల డాక్టరమ్మ ఒకావిడ ఏళ్ళ తరబడి పోరాడితే అయ్యింది అది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని, లీటరు నీళ్ళకి గ్లూకోజ్ 13.5 గ్రాములు అని ఉందో లేదో చూసి తీసుకోండి. ఒక ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి, చిటికెడు చిటికెడు గ్లాసులో వేయకూడదు. మామూలు చెమటకైతే ఉప్పేసిన మజ్జిగ చాలు, బీపీ ఉన్నవాళ్ళకి ఉప్పు తక్కువే వేయండి. బీచ్‌లో కొబ్బరి బొండాలు ఎలాగూ ఉంటాయి, కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు బొండాలు డాక్టర్ని అడగకుండా తాగకూడదు, వాటిలో పొటాషియం ఎక్కువ.

సాయంత్రం ఎండ తగ్గాక ఆర్కే బీచ్‌కి వెళ్ళాం. సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర జనం తిరునాళ్ళలా ఉన్నారు, కురుసుర లోపల సందులు చాలా ఇరుకు, గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దూరాలి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న అత్తమ్మని బయట బెంచీ మీద కూర్చోబెట్టి బావని తోడుంచి మేం చూసొచ్చాం.

తర్వాత ఇసకలోకి దిగాం. మా మేనల్లుడు వచ్చిందే సముద్రం కోసం, వాడికి ఈత వచ్చు, మునేరులో ఈదినవాడు. "అత్తయ్యా అక్కడ చూడు, అలలే లేవు, అక్కడ దిగుతా" అని ఒక చోటు చూపించాడు. నిజంగానే అటూ ఇటూ తెల్లగా నురగ కడుతూ కెరటాలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీలాగా నీళ్ళు నిమ్మళంగా, కొంచెం నల్లగా ఉన్నాయి. పక్కనే వల చిక్కులు తీసుకుంటూ పెదజాలారిపేట పెద్దాయన ఒకాయన కూర్చుని ఉన్నారు, ఆయన తల ఎత్తకుండానే అన్నారు.

"ఏటి నాన్నా, ఏ ఊరు? అక్కడ దిగీకు."

"అదే సేఫ్‌గా ఉంది కదా తాతా, అలల్లేవు."

"కెరటం ఇరగలేదంటే కింద లోతుందని. ఒడ్డుకొచ్చిన నీరంతా తిరిగి ఎల్లీ తోవ అది. మనిషిని కూడా అట్టుకెలిపోద్ది. మీ ఊరోళ్ళందరూ అక్కడే దిగుతారు, నిమ్మళంగా ఉందని."

అని లేచొచ్చి, పక్కన పడున్న ఎండు కొబ్బరి డొప్ప ఒకటి ఆ నల్లటి నీళ్ళలోకి విసిరారు. అది ఒడ్డుకి రాలేదు. మేం చూస్తుండగానే అటూ ఇటూ ఊగకుండా తిన్నగా లోపలికి పోయింది, కెరటాలు విరిగే చోటు దాటి అవతలికి పోయి, అక్కడ ఆగి, మెల్లగా పక్కకి కొట్టుకుపోవడం మొదలుపెట్టింది. మా వాడు మాట్లాడకుండా అటే చూస్తూ నిలబడ్డాడు. నేను పది సార్లు చెప్పినా రానిది ఆ డొప్పతో వచ్చేసింది.

రిప్ కరెంట్ అంటే అదే. కెరటాలు ఒడ్డుకి తోసిన నీళ్ళు ఇసక తిన్నెల మధ్య లోతుగా ఉన్న సందు చూసుకుని వెనక్కి పరుగెత్తుతాయి. గట్టి రిప్ సెకనుకి రెండు మీటర్ల దాకా లాగుతుంది, ఒలింపిక్స్‌లో ఈదేవాళ్ళు కూడా దానికి ఎక్కువసేపు ఎదురు ఈదలేరు. మునిగిపోయేవాళ్ళలో చాలామంది ఒడ్డు వైపే తిన్నగా ఈదడానికి చూసి, అలిసిపోయి మునిగిపోతారు. ఇది కింద నుంచి కాళ్ళు పట్టి ముంచదు, బయటికి లాక్కుపోతుంది అంతే, కాబట్టి ముందు తేలడం చూసుకోవాలి, వెల్లకిలా పడుకుని చెయ్యి ఊపాలి, ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, తెల్లటి నురగ ఉన్న చోటికి వెళ్ళాక అప్పుడు కెరటాలతో పాటు ఒడ్డుకి రావాలి. ఆంధ్రా యూనివర్సిటీలో సముద్ర శాస్త్రం వాళ్ళు ఈ బీచ్ రిప్పుల మీద పని చేశారు, అయినా ప్రతి సీజన్‌కీ ఇసక కదిలిపోతుంది కాబట్టి నిన్న లేని చోట ఇవాళ ఉంటుంది, అందుకే దిగేముందు అక్కడ ఉన్న జాలరిని గానీ లైఫ్‌గార్డ్‌ని గానీ అడగండి, వాళ్ళు ఏ రోజు ఏ చోటో చెప్తారు.

ఇంకోటి, వైజాగ్ ఒడ్డు చాలా చోట్ల ఉన్నట్టుండి దిగిపోతుంది. మోకాలు లోతులో ఉన్నాం కదా అనుకుంటే రెండడుగులు వేస్తే నడుము, పెద్ద కెరటం వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింద ఇసక కూడా లాగేస్తుంది. ఆ టైంలో ఆడవాళ్ళ బట్టలే ప్రాణం మీదికి తెస్తాయి. తడిసిన చీర కాళ్ళకి చుట్టుకుంటే లేవలేరు, చున్నీ మెడకి బిగుస్తుంది. మేమున్నప్పుడే ఒక కుటుంబం ఆడవాళ్ళు చేతులు పట్టుకుని సముద్రానికి వీపు పెట్టి ఫొటోకి నిలబడ్డారు, కెరటం నడుముల మీద కొట్టింది, ముగ్గురు పడిపోయారు, వాళ్ళలో ఒకావిడ చంకలో ఏడాది బిడ్డ. లైఫ్‌గార్డ్ విజిల్ వేసుకుంటూ వచ్చి లేపాడు కాబట్టి సరిపోయింది, బిడ్డ బాగానే ఏడ్చింది, ఏడుపు వినగానే నాకు ఊపిరి వచ్చింది. సముద్రానికి వీపు చూపించకండి, చిన్నపిల్లల్ని చెయ్యి కాదు మణికట్టు పట్టుకోండి, తడి చేతిలోంచి చెయ్యి జారుతుంది.

ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాలే దూకడం వల్లే ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోతున్నారు. ముందు అరవండి, లైఫ్‌గార్డ్‌ని పిలవండి, ఖాళీ వాటర్ క్యాన్, మూత పెట్టిన పెద్ద బాటిల్, ఏది తేలితే అది విసరండి. బయటికి తెచ్చాక మన దగ్గర పొట్ట మీద నొక్కడం, తలకిందులుగా పట్టుకుని తిప్పడం చేస్తారు, అవి చేయకండి. పొట్టలో నీళ్ళు కక్కితే ఊపిరితిత్తుల్లోకే పోతాయి. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి ముక్కు మూసి నోట్లో గాలి ఊదాలి, ముందు అయిదు సార్లు, తర్వాత ఛాతీ మధ్యలో 30 నొక్కులు, రెండు ఊదడాలు, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకుండా. మామూలు గుండె ఆగినప్పటిలా నొక్కడం ఒక్కటే సరిపోదు, మునిగినవాళ్ళకి కావలసింది ముందు గాలి. లేచి కూర్చుని మాట్లాడినా సరే, దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే.

రాత్రి మురీ మిక్చర్, మొక్కజొన్న పొత్తులు తిని ఇంటికొచ్చాం. వేడిగా మన ముందు కాల్చి, వేయించి ఇచ్చేవి తినండి, కోసి పెట్టిన పండ్ల ముక్కలు, చెరకు రసంలో వేసే ఐస్ వద్దు, ఆ ఐస్ తాగే నీళ్ళతోనే చేశారని ఎవరూ చెప్పలేరు.

శనివారం

సింహాచలం. కొండ మీదికి పొద్దున్నే వెళ్ళాలనుకున్నా అందరూ తయారయ్యేసరికి తొమ్మిదిన్నర. దారిలో గోపాలపట్నం దాటుతుంటే బావ చెయ్యి చూపించి "అదిగో ఆర్ఆర్ వెంకటాపురం అటేపే" అన్నాడు. 2020 మే 7 తెల్లవారుజామున స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది పోయిన ఊరు. రోడ్డు మీద పడిపోయిన మనుషుల వీడియోలు మేం ఖమ్మంలో డ్యూటీలో ఉండి చూసినవే. ఫ్యాక్టరీలున్న ఊరు కాబట్టి ఇది కూడా తెలిసి ఉండాలి, ఘాటు వాసన వస్తే గాలి ఏ వైపు వీస్తుందో చూసుకుని, దానికి అడ్డంగా పక్కకి వెళ్ళిపోవాలి, గాలి వాలుకి పరుగెత్తితే గ్యాస్ మన వెంటే వస్తుంది, ముక్కుకి తడిగుడ్డ పెట్టుకోవాలి.

దర్శనం బాగా అయ్యింది, కానీ నాకు మనసంతా అత్తమ్మ పాదాల మీదే ఉంది. షుగర్ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి అరికాళ్ళలో స్పర్శ తగ్గిపోతుంది, పదకొండింటికి ఆ రాతి బండల మీద మనం గెంతుకుంటూ పరుగెత్తుతాం, వాళ్ళు హాయిగా నడిచిపోతారు, ఎందుకంటే వాళ్ళకి కాలడం తెలియదు. సాక్సులు వేసుకోమంటే ఆవిడ "దేవుడి దగ్గర మేజోళ్ళేంటే, అపచారం" అన్నారు. గుడి మెట్ల దగ్గర ఒక అర్చకస్వామిని మా ఆయన అడిగితే "గుడ్డవే కదమ్మా, స్వామి ఏమీ అనుకోడు, వేసుకోండి" అన్నాక వేసుకున్నారు.

అయినా రాత్రి పడుకునే ముందు టార్చి పెట్టి పాదాలు చూశాను, రోజూ చూస్తాను. ఎడమ బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత చోట చర్మం తెల్లగా ఉబ్బి, చుట్టూ ఎర్రగా ఉంది, లోపల నీరు చేరింది. వేలితో మెల్లగా నొక్కి "నొప్పుందా అత్తమ్మా" అంటే "ఏముందక్కడ" అన్నారు. ఆవిడకి నిజంగా తెలియదు. పొక్కు చిదపకుండా మంచినీళ్ళతో కడిగి, తుడిచి, పొడి గాజు గుడ్డ వదులుగా కట్టాను. పొక్కు పగిలినా, ఎరుపు పాకినా, వాసన వచ్చినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, షుగర్ కాళ్ళకి రేపు చూద్దాం అనే మాట లేదు. ఆ తర్వాత ఇసకలో కూడా ఆవిడకి చెప్పులు తీయనివ్వలేదు. బీచ్ ఇసక కూడా మధ్యాహ్నం బాగా కాలుతుంది, పైగా గాజు పెంకులు, గేలాలు ఉంటాయి.

ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకి వచ్చేవాళ్ళకి కూడా ఇదే చెప్తా, 32 కిలోమీటర్లు ఒట్టి కాళ్ళతో నడుస్తారు, షుగర్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకండి. 2025లో చందనోత్సవం రోజు, ఏప్రిల్ 30న వానకి గోడ కూలి క్యూలో ఉన్న ఏడుగురు పోయారు. రద్దీ రోజుల్లో పెద్దవాళ్ళనీ చంటిపిల్లల్నీ తీసుకెళ్ళకపోతేనే మంచిది, స్వామి మామూలు రోజుల్లో కూడా అక్కడే ఉంటాడు.

ఆదివారం

రుషికొండ, అక్కడి నుంచి భీమిలి. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, శుభ్రం, స్నానాల గదులు, లైఫ్‌గార్డులు అన్నీ చూసి ఇస్తారు. అది చూసి చాలామంది ఇక్కడ సముద్రం మెత్తగా ఉంటుందనుకుంటారు. జెండా బీచ్‌కి ఇచ్చారు, సముద్రానికి కాదు. ఇక్కడ కూడా ఒడ్డు దిగుడుగానే ఉంటుంది, ఎర్ర జెండా ఎగరేస్తే పాదాలు తడుపుకుని రావడమే. యారాడ బీచ్ ఇంకా అందంగా ఉంటుంది, ఇంకా ప్రమాదం కూడా, మేం అక్కడికి పిల్లల్ని తీసుకెళ్ళలేదు.

మా మేనల్లుడు జెట్ స్కీ ఎక్కాడు. ఎక్కేముందు లైఫ్ జాకెట్ నేనే చూశాను, రెండు చేతులూ పైకెత్తమని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాను, గడ్డం దాటి చెవుల దాకా వచ్చేసింది. అంటే నీళ్ళలో పడితే మనిషి కిందికి, జాకెట్ పైకి. వేరేది అడిగితే ఆ కుర్రాడు విసుక్కోకుండా ఇచ్చాడు, బెల్టులు బిగించాక కదల్లేదు. ఇది అందరూ అర నిమిషంలో చూసుకోవచ్చు.

ఒడ్డున అక్కడక్కడా జెల్లీ ఫిష్‌లు పడి ఉన్నాయి, గాజులా మెరుస్తుంటే మా చిన్నోడు కర్రతో పొడవబోయాడు. చచ్చిపోయి ఎండుతున్నవి కూడా కుడతాయి, తోకల్లాంటి పోగుల్లో విషం అలాగే ఉంటుంది. తగిలితే సముద్రపు నీళ్ళతోనే కడగాలి, మంచినీళ్ళు పోస్తే ఇంకా ఎక్కువ విషం వదులుతుంది, ఇసకతో రుద్దకూడదు, మూత్రం పోయడం లాంటివి అసలే వద్దు. పోగులుంటే కర్రతోనో కార్డుతోనో తీసేసి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ఆ భాగాన్ని 20 నిమిషాల పైన ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆలస్యం చేయకూడదు. వలల్లోంచి తీసి పారేసిన సముద్రపు పాముల్ని కూడా ముట్టుకోనివ్వకండి, కదలకుండా ఉన్నా సరే, చాలా విషం వాటికి.

భీమిలి రోడ్డు చూసినవాళ్ళకి తెలుసు, ఒక వైపు కొండ, ఒక వైపు సముద్రం, అద్దె బైకులేసుకుని కుర్రాళ్ళు ఎగిరిపోతుంటారు. మా వాడు బైక్ అడిగాడు, లైసెన్స్ లేదు కాబట్టి మాట అక్కడితో అయిపోయింది. వైజాగ్‌లో వెనక కూర్చున్నవాళ్ళకి కూడా హెల్మెట్ ఉండాలి, అద్దెకిచ్చేవాళ్ళు ఒక్కటే ఇస్తే రెండోది అడిగి తీసుకోండి.

భీమిలిలో వంజరం వేపుడు తిన్నాం, చాలా బాగుంది. చేపల దగ్గర వాసన, కన్ను చూసుకుంటాం గానీ ట్యూనా, మాకెరెల్ లాంటివి పట్టగానే ఐస్‌లో పెట్టకపోతే వాటిలో హిస్టమైన్ అనే హాని చేసే పదార్థం తయారవుతుంది, అది ఎంత వేయించినా పోదు. తిన్న గంట లోపు ముఖం ఎర్రబడి, తల పగిలిపోయేలా నొప్పి, గుండె దడ వస్తే అది హిస్టమైన్ వల్లే అయి ఉంటుంది, అలర్జీ అనుకుని ఆ చేప జీవితాంతం మానేస్తారు పాపం. రొయ్యలు, పీతలకి మాత్రం నిజమైన అలర్జీలుంటాయి, పిల్లలకి మొదటిసారి పెట్టడానికి ఊరు కాని ఊరు మంచి చోటు కాదు.

సోమవారం

అరకు. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది గానీ వైజాగ్ వచ్చినవాళ్ళెవరూ అరకు చూడకుండా పోరు. పొద్దున కిరండూల్ ట్రైన్‌లో సొరంగాలు చూసుకుంటూ బొర్రా గుహల దగ్గర దిగాం, బావ కారు తెచ్చాడు వెనక్కి రావడానికి. గుహల్లో నేల తడి, మెట్లు ఎక్కువ, చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. అత్తమ్మ పైనే ఉండిపోయారు.

బయటికొచ్చాక జరిగింది. మా మేనల్లుడి చేతిలో చిప్స్ ప్యాకెట్, గోడ మీది నుంచి కోతి ఒకటి దూకి లాక్కుంది, వాడు వదలకుండా లాగాడు, ముంజేతి మీద గోళ్ళతో గీరేసింది. మూడు గీతలు, రెండు పైపైనే, ఒకదాంట్లో మాత్రం సన్నగా రక్తం పూసలు పూసలుగా వచ్చింది. పక్కన టీ కొట్టు ఆయన పసుపు తెచ్చారు, ఇంకొకాయన సున్నం పెట్టమన్నారు, ఇద్దరూ మంచి మనసుతోనే. నేను రెండూ వద్దని చెప్పి, ఆ కొట్టు పక్కన కుళాయి అడిగి, బ్యాగులో సబ్బు తీసి ఫోన్‌లో టైమ్ పెట్టి 15 నిమిషాలు కడిగించాను. 15 నిమిషాలంటే చాలాసేపు, మూడో నిమిషానికే చాలు అత్తయ్యా అంటాడు వాడు. రేబిస్ వైరస్‌ని సబ్బే చంపుతుంది, ఆ కడగడమే సగం వైద్యం. కట్టు కట్టకూడదు, కుట్లు వేయించకూడదు.

కుక్కకే ఇంజెక్షన్ కదా, కోతి గీరుకి ఎందుకు అని మా ఆయనే అడిగారు. కోతికీ వస్తుంది రేబిస్, గోళ్ళు నాకి ఉంటుంది కాబట్టి గీరినా చేయించాల్సిందే. రేబిస్ లక్షణాలు ఒకసారి వచ్చాయంటే బతికించే మందు లేదు, ముందే టీకా వేయిస్తే రాదు, ఇంత తేడా ఉన్న జబ్బు ఇంకోటి లేదు. అరకులో ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాం, అక్కడ డ్యూటీ డాక్టర్ రక్తం వచ్చిన గీత చూసి మూడో కేటగిరీ అన్నారు, అంటే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ని వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్ కూడా. ఇమ్యునోగ్లోబులిన్ అక్కడ ఆ రోజు లేకపోతే మొదటి డోసు వేసి చీటీ రాసిచ్చారు, మిగతాది రాత్రికి వైజాగ్ ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఎమర్జెన్సీలో చేయించాం. మొదటి టీకా వేసిన రోజు నుంచి ఏడో రోజు లోపు ఇమ్యునోగ్లోబులిన్ వేయించుకోవచ్చు, కానీ ఎంత తొందరైతే అంత మంచిది. టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో డబ్బులేమీ తీసుకోరు. చర్మంలో వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులకి వేయించాలి, చీటీ చూపిస్తే ఏ ఊళ్ళోనైనా మిగతా డోసులు వేస్తారు, ప్రయాణం మధ్యలో ఉన్నాం, ఇంటికెళ్ళాక చూద్దాం అనుకోనక్కర్లేదు.

దీని వల్ల అరకు దగ్గరి చాపరాయి వాగు చూడలేదు. అక్కడ రాళ్ళు నాచుతో జారతాయి, వానలైతే పైనుంచి నీళ్ళు ఒక్కసారిగా వస్తాయి, కటికి జలపాతం దగ్గరా అంతే. ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవాళ్ళు ఖాళీ కడుపుతో ఎక్కకండి, నిండుగా తినీ ఎక్కకండి, ముందు సీట్లో కూర్చుని దూరంగా చూస్తూ ఉంటే కొంత నయం.

దోమల సంగతి ఇక్కడే చెప్పేస్తా. ఏజెన్సీలో రాత్రి కుట్టే దోమతో మలేరియా, అందులో ఫాల్సిపారం రకం మెదడుకి ఎక్కేది. సిటీలో పగలు కుట్టే దోమతో డెంగ్యూ, వానల తర్వాత ఎక్కువ. రాత్రి అరకులో ఉండేవాళ్ళు దోమతెర ఉన్న గది అడగండి, నిండు చేతుల బట్టలు వేసుకోండి.

మంగళవారం

పొద్దున్నే ఆకాశం బూడిద రంగులో ఉంది, బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, ఆ పైన తుఫాను, ఇదీ వరస. మా వాళ్ళు "తుఫాను కాదు కదా, కొంచెం వానే" అన్నారు. అక్క మమ్మల్ని తెన్నేటి పార్క్‌కి తీసుకెళ్ళి కిందికి చూపించింది. 2020 అక్టోబర్‌లో బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి లంగరు తెగి కొట్టుకొచ్చి ఆ రాళ్ళ మీదే ఎక్కి కూర్చుంది. అప్పుడున్నది తుఫాను కాదు, తీవ్ర వాయుగుండమే. అంత ఓడే తట్టుకోలేని గాలి అది. మేం వెళ్ళినప్పుడు కింద రాళ్ళ మీద సెల్ఫీలు దిగుతున్న పిల్లల్ని బావ గట్టిగా అరిచి పైకి రప్పించాడు, కెరటం ఎప్పుడు ఎంత ఎత్తు లేస్తుందో ఆ నల్లరాళ్ళ మీద నిలబడి ఎవరూ చెప్పలేరు.

మధ్యాహ్నం వాన పట్టుకుంది, ఇంట్లోనే పకోడీలు. అక్క హుద్‌హుద్ తుఫాను గురించి చెప్పింది, 2014 అక్టోబర్ 12, ఆదివారం. గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా. "కిటికీ రెక్కలు ఊడి గదిలో పడ్డాయే, మంచం కింద దూరాం. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది, ఎండ కూడా వచ్చింది, అందరూ రోడ్డెక్కేశారు చూడ్డానికి. మీ బావ వెళ్ళనివ్వలేదు." అది తుఫాను కన్ను, అంటే తుఫాను నడిమధ్య గాలి లేని చోటు. కన్ను దాటాక గాలి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ అంతే జోరుగా వస్తుంది, రేడియోలోనో ఫోన్‌లోనో తుఫాను దాటింది అని చెప్పేదాకా బయటికి రాకూడదు. తర్వాత రోజుల తరబడి కరెంటు, నీళ్ళు, ఫోన్లు లేవంట, ఏటీఎంలు కూడా పనిచేయలేదు, అందుకే అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్య వచ్చేవాళ్ళు కొంత డబ్బు నోట్ల రూపంలో, అవసరమైన మందులు నాలుగు రోజులు ఎక్కువ పెట్టుకోవాలి. పోర్టులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో వార్తల్లో చెప్తూనే ఉంటారు. పెద్ద కెరటాల హెచ్చరికలు హైదరాబాద్‌లో ఉన్న సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇస్తుంది, పిడుగులకి దామిని యాప్ ఉంది. ఉరుము వినపడిందంటే బీచ్‌లో ఉండకూడదు, బీచ్‌లో అన్నిటికన్నా ఎత్తుగా ఉండేది మనిషే.

బుధవారం

వాన తెరిపిచ్చింది. సముద్రం మాత్రం ఎర్రగా, మట్టి నీళ్ళతో, ఇంకా కోపంగానే ఉంది. పెద్ద వాన పడ్డాక రెండు మూడు రోజులు ఊళ్ళో మురుగంతా సముద్రంలోకే వస్తుంది, ఆ నీళ్ళు నోట్లోకి పోతే విరేచనాలు, చెవిలోకి పోతే చెవిపోటు, కాబట్టి దిగలేదు. మా చిన్నోడు కాసేపు అలిగాడు. అత్తమ్మ కాలి పొక్కు అణిగి ఆరుతోంది.

సాయంత్రం గోదావరి ఎక్కితే అర్ధరాత్రి దాటాక ఖమ్మం. గురువారం పొద్దున మా ఆసుపత్రిలోనే మేనల్లుడికి మూడో రోజు డోసు వేయించాను, ఏడో రోజుది, 28వ రోజుది వాడి ఫోన్‌లో, నా ఫోన్‌లో, గోడ క్యాలెండర్‌లో మూడు చోట్లా రాసి పెట్టాం. ఇంటికొచ్చాక నెల లోపు ఎవరికి జ్వరం వచ్చినా పారాసెటమాల్ ఒక్కటే వేసుకోవాలి, డెంగ్యూ అయితే బ్రూఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావం తెస్తాయి. జ్వరం తగ్గిన రోజే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం వస్తే అది తగ్గడం కాదు, డెంగ్యూ ముదరడం, వెంటనే అడ్మిట్ చేయాలి. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఎన్ని రోజుల జ్వరం అని అడుగుతారు గానీ ఎక్కడికి వెళ్ళొచ్చారు అని అన్నిసార్లూ అడగరు, కాబట్టి మీరే ముందు చెప్పండి, ఫలానా తారీఖున అరకు వెళ్ళొచ్చాం, మలేరియా టెస్ట్ కూడా రాయండి అని.